పోపు పోయాడు, పూజ మిగిలింది: ఇంగ్లండ్ చర్చి చీలికలో రాజకీయమెంత, విశ్వాసమెంత

రాజు భార్యను వదిలి ఇంకో పెళ్లి చేసుకోవాలనుకున్నాడు, పోపు కుదరదన్నాడు, దాంతో రాజు కొత్త మతం పెట్టుకున్నాడు. ఎనిమిదో హెన్రీ పేరు చెబితే చాలామందికి గుర్తుండేది ఈ మూడు ముక్కలే. వీటిలో మొదటిది సగం తప్పు, మూడోది దాదాపు పూర్తిగా తప్పు. హెన్రీ అడిగింది విడాకులు కాదు. తనకు అసలు పెళ్లే కాలేదని, పద్దెనిమిదేళ్ల కాపురం మొదటి నుంచీ చెల్లదని చర్చి చేత తీర్పు ఇప్పించుకోవాలని చూశాడు. ఇక కొత్త మతం మాటకొస్తే, 1521లో, పోపును ధిక్కరించి ప్రొటెస్టెంట్ ఉద్యమానికి నాంది పలికిన జర్మన్ గురువు లూథర్‌ను ఖండిస్తూ పుస్తకం రాసి పోపు చేత ‘విశ్వాస రక్షకుడు’ అనే బిరుదు పొందిన మనిషి అతను. 1547 జనవరి 28న కన్నుమూసే నాటికి కూడా లాటిన్ పూజనే నమ్ముకున్నాడు. చనిపోయాక తన ఆత్మ కోసం పూజలు చేయించమని వీలునామాలో డబ్బు రాసిపెట్టాడు.

మరి తెగిందేమిటి? రోముకూ ఇంగ్లండుకూ మధ్య ఉన్న చట్టబద్ధమైన బంధం. అదీ ఒక్క వేటుతో తెగలేదు. అప్పీళ్లు, పన్నులు, బిషప్పుల నియామకాలు, సిద్ధాంతంపై ఆఖరి మాట... ఇలా పోపు చేతిలో ఉన్నవాటిని పార్లమెంటు ఒక్కొక్కటిగా లాగేసుకుంది. ఏ మెట్టు దగ్గర రాజకీయం లాగింది, ఏ మెట్టు దగ్గర నమ్మకం నెట్టింది అని విడివిడిగా చూస్తే తప్ప ఈ చరిత్ర అర్థం కాదు.

కేసు ఎక్కడ చెడింది

హెన్రీ భార్య కేథరిన్ స్పెయిన్ రాజకుమారి. 1501లో హెన్రీ అన్న ఆర్థర్‌ను పెళ్లాడింది. అయిదు నెలలకే అతను చనిపోయాడు. అన్న భార్యను తమ్ముడు చేసుకోవడానికి చర్చి నియమాలు ఒప్పుకోవు కాబట్టి 1503 డిసెంబరులో రెండో జూలియస్ పోపు ప్రత్యేక అనుమతి ఇచ్చాడు. 1509లో హెన్రీతో పెళ్లయింది. పుట్టిన బిడ్డల్లో బతికి బట్టకట్టింది 1516లో పుట్టిన మేరీ ఒక్కతే. 1527 నాటికి కేథరిన్‌కు నలభై దాటాయి. మగబిడ్డ లేకపోతే రాజ్యం ఏమవుతుందన్న భయం ఉత్తుత్తిది కాదు. హెన్రీ తండ్రి సింహాసనం దక్కించుకున్నదే 1485లో, వారసత్వ పోరులో, యుద్ధభూమిలో.

హెన్రీకి ఆధారం లేవీయకాండం 20:21. సోదరుని భార్యను చేసుకున్నవారికి సంతానం ఉండదని అక్కడ ఉంది. అవతలి పక్షానికీ లేఖనం ఉంది: ద్వితీయోపదేశకాండం 25:5 ప్రకారం సంతానం లేకుండా చనిపోయినవాడి భార్యను అతని సోదరుడు చేసుకోవాలి. పండితులు రెండు వైపులా చేరి ఏళ్ల తరబడి వాదించుకున్నారు.

రాజుల పెళ్లిళ్లు రద్దు చేయడం రోముకు కొత్తేమీ కాదు. ఫ్రాన్సు రాజు పన్నెండో లూయీకి 1498లో ఆ వరం దక్కింది. 1527లో హెన్రీ సొంత అక్క మార్గరెట్‌కూ దక్కింది. మరి హెన్రీకే ఎందుకు దక్కలేదు? అందరూ చెప్పే కారణం సైన్యం. 1527 మే 6న అయిదో చార్లెస్ చక్రవర్తి సేనలు రోమును దోచుకుని, ఏడో క్లెమెంట్ పోపును కోటలో బందీని చేశాయి. ఆ చార్లెస్ స్వయానా కేథరిన్ అక్క కొడుకు. పిన్నికి అన్యాయం చేసే తీర్పును అతని నీడలో ఉన్న పోపు ఇవ్వగలడా?

అంతగా చర్చకు రాని కారణం ఇంకొకటుంది. అది హెన్రీ ఎంచుకున్న వాదన. ఆర్థర్‌తో కేథరిన్ కాపురం జరిగిందో లేదో కచ్చితంగా తేల్చకుండానే 1503 నాటి అనుమతిపత్రం రాశారు. జరగలేదని కేథరిన్ ప్రమాణం చేసి చెబుతోంది. అదే నిజమైతే పెళ్లికి అడ్డొచ్చే నియమం మారిపోతుంది, ఆ నియమానికి వేరే మినహాయింపు కావాలి, పత్రంలో అది స్పష్టంగా లేదు. మంత్రి, కార్డినల్ థామస్ వుల్సీ పట్టుకున్న సందు ఇదే. ‘మీ గుమాస్తాలు కాగితం సరిగ్గా రాయలేదు’ అంటే రోము పరువు పోదు, దిద్దుకునే అవకాశం ఉంటుంది. హెన్రీ ఆ దారిన పోలేదు. దేవుడి ఆజ్ఞకు మినహాయింపు ఇచ్చే అధికారం ఏ పోపుకూ లేదన్నాడు. తన అధికారానికే ఎసరు పెట్టే ఆ వాదనను ఏ పోపు తలకెత్తుకుంటాడు? కేవలం కోరిక తీరడమే లక్ష్యమైతే వుల్సీ సందు చాలు. హెన్రీ దాన్ని కాదన్నాడంటే, తన కాపురం మీద శాపం ఉందని నిజంగానే నమ్మాడనుకోవాలి.

అలాగని ఆ నమ్మకం మచ్చలేనిదేం కాదు. హెన్రీ కొత్తగా పెళ్లాడాలనుకున్నది ఆన్ బొలీన్‌ను; ఆమె అక్కచెల్లెళ్లలో ఒకరైన మేరీతో హెన్రీకి అంతకుముందే సంబంధం ఉంది. చర్చి లెక్కలో అదీ ఇదే కోవకు చెందిన అడ్డంకి. దాన్ని తొలగించమని 1527లో ఇదే పోపుకు అర్జీ పెట్టుకున్నాడు. తనకు అడ్డొచ్చిన చోట పోపుకు అధికారం లేదు, తనకు పనికొచ్చే చోట ఉంది!

క్లెమెంట్ పాము చావకుండా, కర్ర విరగకుండా చూశాడు. కార్డినల్ కంపెజ్జోను ప్రతినిధిగా లండన్ పంపి, విచారణ వీలైనంత సాగదీయమన్నాడు. 1529 జూన్‌లో బ్లాక్‌ఫ్రయర్స్ కోర్టులో కేథరిన్ రాజు ముందు మోకరిల్లి తన మాట చెప్పి, రోముకే అప్పీలు చేసుకుని బయటికి నడిచింది. ఎన్నిసార్లు పిలిచినా వెనక్కి తిరగలేదు. జులై 23న కంపెజ్జో వేసవి సెలవులంటూ కోర్టును వాయిదా వేశాడు. అది మళ్లీ కూర్చోలేదు, కేసు రోముకు వెళ్లిపోయింది. శరదృతువులో వుల్సీ పదవి ఊడింది.

ముందు బెదిరింపు, తర్వాత చట్టం

ఈ కథలో ముఖ్యులందరి పేరూ థామసే: వుల్సీ, మోర్, క్రాన్మర్, క్రామ్‌వెల్. వీళ్లలో చట్టం పనిముట్టుగా ఎలా పనికొస్తుందో బాగా తెలిసినవాడు, వుల్సీ తర్వాత రాజుకు ముఖ్య మంత్రి అయిన క్రామ్‌వెల్. అయితే అతను పైకి రాకముందే మొదటి దెబ్బ పడింది. విదేశీ అధికారాన్ని రాజ్యంలో నడపకూడదనే ప్రీమునైరె చట్టం పధ్నాలుగో శతాబ్దం నాటిది. దాన్ని బయటికి తీసి, మొత్తం మతగురువుల వర్గమే నేరస్థులని ఆరోపించారు. 1531లో కాంటర్‌బరీ మతసభ (అక్కడి మతగురువుల సభ) 1,00,000 పౌండ్లు, యార్క్ మతసభ 18,840 పౌండ్లు చెల్లించుకుని క్షమాభిక్ష తెచ్చుకున్నాయి. దానితోపాటే రాజును ‘చర్చికి అధిపతి’గా ఒప్పుకోమన్నారు. ‘క్రీస్తు ధర్మం అనుమతించినంత మేరకు’ అని ఒక తోక తగిలించి బయటపడ్డారు. ఆ తీర్మానాన్ని కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ వారమ్ సభ ముందు పెడితే ఎవరూ నోరు మెదపలేదు. మౌనం అర్ధాంగీకారమన్నాడు ఆయన. అయితే అందరం మౌనమే అని జవాబొచ్చింది. ఇంగ్లండ్ చర్చి తలవంచింది అలా.

1532లో బిషప్పులు తమ మొదటి ఏడాది ఆదాయాన్ని రోముకు పంపే పద్ధతిని పార్లమెంటు ఆపింది. అదీ షరతుతో. దాన్ని ఎప్పుడు అమల్లోకి తేవాలో రాజు ఇష్టానికి వదిలేశారు. అంటే అది చట్టం కన్నా బేరానికి పెట్టిన కత్తి. మే 15న మతసభ ఇకపై రాజు అనుమతి లేకుండా నియమాలు చేయబోమని రాసిచ్చింది. మర్నాడే థామస్ మోర్, రాజు కొలువులో అత్యున్నతమైన ఛాన్సలర్ పదవికి రాజీనామా చేశాడు. ఆగస్టులో వృద్ధుడైన వారమ్ చనిపోవడంతో కాంటర్‌బరీ పీఠం ఖాళీ అయింది. తన పక్షాన ఉన్న గురువు క్రాన్మర్‌ను నియమించమని హెన్రీ అడగ్గానే, ఇదైనా ఇస్తే శాంతిస్తాడేమోనని పోపు ఆమోదపత్రాలు పంపాడు. తన చేత్తో తానే తలుపు గడియ తీసినట్టయింది. 1533 మార్చి 30న పోపుకు విధేయత ప్రమాణం చేస్తూనే, దేవుడి ధర్మానికీ రాజ్య చట్టాలకూ విరుద్ధమైనదేదీ తనకు వర్తించదని క్రాన్మర్ ముందుగానే నమోదు చేయించుకున్నాడు.

అప్పటికి ఆన్ గర్భవతి. జనవరిలో రహస్యంగా పెళ్లయిపోయింది. పుట్టబోయే బిడ్డ చట్టబద్ధ వారసుడు కావాలంటే మొదటి పెళ్లి చెల్లదన్న తీర్పు వెంటనే రావాలి, కేథరిన్ మళ్లీ రోముకు అప్పీలు చేసే దారి మూసుకుపోవాలి. ఆ వసంతంలో వచ్చిన అప్పీళ్ల నిషేధ చట్టం పని అదే. ఇంగ్లండ్ ఒక సామ్రాజ్యమని, ఇక్కడి తగాదాలు ఇక్కడే తేలాలని, బయటివారెవరికీ ఇక్కడ తీర్పరి హక్కు లేదని దాని పీఠికలో రాశారు. అసలైన తెగతెంపు ఇక్కడే జరిగింది. 1534 చట్టం దానికి పేరు పెట్టిందంతే. మే 23న డన్‌స్టబుల్‌లో క్రాన్మర్ తీర్పు చెప్పాడు. జూన్ 1న ఆన్‌కు పట్టాభిషేకం. సెప్టెంబరు 7న బిడ్డ పుట్టింది. ఆడపిల్ల, ఎలిజబెత్.

1534 నవంబరు నాటి ఆధిపత్య చట్టం మాటల్లో ఒక మెలిక ఉంది. పార్లమెంటు రాజుకు అధిపతి హోదా ‘ఇస్తున్నట్టు’ అందులో లేదు. రాజు చర్చికి అధిపతే, ఆ సంగతిని మేం ధ్రువీకరిస్తున్నాం అని ఉంది. ఇచ్చినవాళ్లు తిరిగి తీసుకోగలరు కదా, ఆ జాగ్రత్త. ఈ చట్టం వారసత్వం ఎంత దూరం వెళ్లిందంటే, మన డోర్నకల్ ఆంగ్లికన్ పీఠానికి 1912లో మొదటి భారతీయ బిషప్పుగా వచ్చిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య నాటికి కూడా ఇక్కడి ఆంగ్లికన్ చర్చి చట్టరీత్యా ఇంగ్లండ్ చర్చిలో భాగమే. ఆ ముడి విప్పడానికి 1927లో బ్రిటిష్ పార్లమెంటు మళ్లీ చట్టం చేయాల్సివచ్చింది.

అదే సమయంలో వచ్చిన రాజద్రోహ చట్టం, రాజు హోదాను నోటిమాటతో కాదన్నా మరణశిక్షేనంది. మోర్ కాదనలేదు, అవుననలేదు, ఊరుకున్నాడు. విచారణలో ఆయన ఎత్తుకున్న సూత్రం కూడా మౌనం అంగీకారమన్నదే. 1531లో మతసభ మౌనాన్ని అంగీకారంగా రాసుకున్న ప్రభుత్వానికి 1535లో ఒక్క మనిషి మౌనం ద్రోహంగా కనిపించింది. జూన్ 22న, రాజు ఆధిపత్యాన్ని ఒప్పుకోని బిషప్ ఫిషర్ తల, జులై 6న మోర్ తల తెగాయి.

వెనక్కి వెళ్లకుండా చేసింది భూమి

ఇంతవరకు జరిగినదాన్ని మరో రాజు మరో చట్టంతో రద్దు చేయొచ్చు. అలా చేయలేని స్థితి తెచ్చింది మఠాల భూమి. 1535లో కమిషనర్లు ఊరూరా తిరిగి చర్చి ఆస్తుల లెక్క రాశారు. 1536లో ఏడాదికి 200 పౌండ్లలోపు ఆదాయమున్న మఠాలను మూసేశారు. చిన్న మఠాల్లో పాపాచారం పెరిగిందని, పెద్దవాటిలో ధర్మం చక్కగా నడుస్తోందని ఆ చట్టం పీఠికలోనే ఉంది. నీతి 200 పౌండ్ల గీత దగ్గర మొదలవుతుందన్నమాట! మూడేళ్లు తిరక్కుండా ఆ పెద్దవాటి వంతూ వచ్చింది. లొంగిపోయిన సన్యాసులకు ఏడాదికి 5 పౌండ్లకు కాస్త అటూఇటూగా పింఛను ఇచ్చారు. ఎదురుతిరిగిన గ్లాస్టన్‌బరీ మఠాధిపతి రిచర్డ్ వైటింగ్‌ను 1539 నవంబరు 15న ఊరి పక్క గుట్టమీద ఉరితీశారు. 1540 మార్చిలో వాల్తమ్ మఠంతో పని పూర్తయింది. సుమారు 800 మఠాలు లేకుండా పోయాయి.

మఠం మూయడం ఎలా ఉండేదో చూస్తే దీని వెనక ఎంత భక్తి ఉందో తెలుస్తుంది. ముందు వెండి, బంగారు పాత్రలు తూకం వేసి రాజు ఖజానాకు పంపేవారు. తర్వాత కప్పుమీది సీసపు రేకులు పీకి, చర్చిలోని చెక్క సామానునే మంటకు వాడి కరిగించి దిమ్మెలు పోసేవారు. గంటలు లోహం ధరకు పోయేవి. కప్పు పోయిన గోడల రాళ్లను చుట్టుపక్కల జనం పట్టుకుపోయేవారు. ఇక పొలాలు: ఏడాది కౌలుకు ఇరవై రెట్లు ధర కట్టి అమ్మడం మామూలు పద్ధతి. ఫ్రాన్స్, స్కాట్లండ్ యుద్ధాల ఖర్చుకు రాజు తెగనమ్మడంతో, అతను చనిపోయే నాటికి చాలా భాగం చేతులు మారిపోయింది. కొన్నవాళ్లలో సంస్కరణవాదులున్నారు, పాత పద్ధతి భక్తులూ ఉన్నారు. రేపు పోపు తిరిగొచ్చినా తమ పట్టా చెల్లాలన్న విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట.

ప్రజలు ఊరుకోలేదు. 1536 అక్టోబరు 1న లింకన్‌షైర్‌లోని లౌత్‌లో మొదలైన తిరుగుబాటు యార్క్‌షైర్‌కు పాకింది. లాయర్ రాబర్ట్ ఆస్క్ నాయకత్వంలో సుమారు 30 వేల మంది, క్రీస్తు అయిదు గాయాల గుర్తున్న జెండాతో కదిలారు. పాంటిఫ్రాక్ట్‌లో వాళ్లు రాసుకున్న 24 డిమాండ్లలో మఠాలు తిరిగి తెరవడం, ఆత్మల సంరక్షణ విషయంలో పోపు ఆధిక్యం నిలపడం ఉన్నాయి. పన్నుల గోడూ ఉంది, ఉత్తరాదిలో పార్లమెంటు జరపాలన్న కోరికా ఉంది. ఆ రైతుకు మఠమంటే పూజ జరిగే చోటు, కరువులో గింజలు దొరికే చోటు కూడా. రాజు సైన్యం చాలక, మాటిచ్చి ఇళ్లకు పంపారు. మరుసటి ఏడాది చిన్న చిన్న అల్లర్లను సాకుగా చూపి ఆస్క్‌ను యార్క్‌లో ఉరితీశారు.

ఇంతా చేసి హెన్రీ ప్రొటెస్టెంట్ కాలేదు. 1539 నాటి ఆరు నిబంధనల చట్టం ప్రకారం, పూజలో రొట్టె నిజంగా క్రీస్తు శరీరంగా మారుతుందన్న సంగతిని కాదంటే సజీవదహనమే. 1540 జులై 30న లండన్‌లోని స్మిత్‌ఫీల్డ్‌లో ఒకే రోజు ఆరుగురిని చంపారు. రాబర్ట్ బార్న్స్‌తో సహా ముగ్గురు ప్రొటెస్టెంట్లను మతద్రోహులని కాల్చారు. పోపును వదలని ముగ్గురు కేథలిక్కులను రాజద్రోహులని ఉరితీశారు. రాజు మతం ఏమిటన్నదానికి ఇంతకంటే సూటి నిర్వచనం దొరకదు: పోపు లేని కేథలిక్ మతం.

పూజ మారినప్పుడు

ఊళ్లలో మతం మారిందన్న సంగతి హెన్రీ తర్వాత గద్దెనెక్కిన అతని కొడుకు ఆరో ఎడ్వర్డ్ కాలంలోనే తెలిసొచ్చింది. తొమ్మిదేళ్ల బాలరాజు వెనక నిజమైన ప్రొటెస్టెంట్లు అధికారంలోకొచ్చారు. ఉత్తరించు స్థలంలో (చనిపోయినవారు స్వర్గానికి ముందు శుద్ధి పొందే చోట) ఉన్న ఆత్మల కోసం పూజలు చేయించే నిధులను 1547లో జప్తు చేశారు. విగ్రహాలు, దీపాలు పోయాయి. 1549లో ఇంగ్లిషు ప్రార్థన పుస్తకం వచ్చింది. డెవన్‌లోని మోర్‌బాత్ ముప్ఫై చిల్లర ఇళ్ల గొర్రెల కాపరుల ఊరు. 1520 నుంచి 1574 దాకా అక్కడ క్రిస్టఫర్ ట్రిచే అనే ఒక్కడే గురువు. ఆయన రాసిపెట్టిన చర్చి పద్దులు మిగిలాయి. చావు పూజలకు నల్ల వస్త్రాలు కొనాలని ఊరు ఇరవై ఏళ్లపాటు పైసా పైసా కూడబెట్టింది. అవి చేతికొచ్చేసరికి అలాంటి పూజలే వద్దనే ప్రభుత్వం వచ్చింది. కొత్త ప్రార్థన పుస్తకం మీద డెవన్, కార్న్‌వాల్‌లో లేచిన 1549 తిరుగుబాటుకు ఆ ఊరు తన ఖర్చుతో అయిదుగురు కుర్రాళ్లను పంపింది.

ఆ తిరుగుబాటుదారుల డిమాండ్లలో లాటిన్ పూజ ఉంది, ఆరు నిబంధనల చట్టం ఉంది. పోపు ఆధిక్యం మాత్రం లేదు. 1536లో యార్క్‌షైర్ అడిగింది, పదమూడేళ్ల తర్వాత డెవన్, కార్న్‌వాల్ అడగలేదు. ప్రాంతాలు వేరన్న మాట నిజమే. కానీ పోపును దూరం చేయడంలో హెన్రీ చట్టాలు గెలిచాయని, బలిపీఠాన్ని దూరం చేయడం వేరే పని అని దీనివల్ల తెలుస్తుంది.

1553లో గద్దెనెక్కిన కేథరిన్ కూతురు మేరీ ఈ తేడా కనిపెట్టలేకపోయింది. లాటిన్ పూజను తిరిగి తేవడానికి కొద్ది నెలలే పట్టింది. రోముతో రాజీకి 1554 నవంబరు 30 దాకా ఆగాల్సివచ్చింది. పోపు ప్రతినిధి కార్డినల్ పోల్ ఏడాదికి పైగా సముద్రానికి అవతలే ఉండిపోయాడు. కారణం భూమి. మఠాల ఆస్తి కొన్నవాళ్ల జోలికి రామని రోము హామీ ఇచ్చాకే పార్లమెంటు పోపు ముందు మోకరిల్లింది. ఆ తర్వాత నాలుగేళ్లలో మేరీ ప్రభుత్వం సుమారు 280 మంది ప్రొటెస్టెంట్లను కాల్చింది. వాళ్లలో ఎక్కువమంది పెద్ద పదవులవాళ్లు కాదు, మామూలు పనివాళ్లు. నేతగాళ్లూ, ఆడవాళ్లూ నిప్పుల్లో నిలబడ్డారంటే పైనుంచి రుద్దిన మతం కొందరికైనా సొంత నమ్మకంగా మారిందనేగా?

రెండు వాక్యాలు కలిపిన రాణి

1558 నవంబరులో వచ్చిన ఎలిజబెత్ ‘అధిపతి’ అన్న మాట వదిలి ‘సర్వోన్నత పాలకురాలు’ అనిపించుకుంది. దేశమంతా ఒకే ప్రార్థన పుస్తకం వాడాలన్న ఏకరూపత చట్టం 1559లో ప్రభువుల సభలో మూడు ఓట్ల తేడాతో గట్టెక్కింది. అంతకుముందే ఇద్దరు బిషప్పులను లండన్ టవర్ చెరలో పెట్టారు కాబట్టి ఆ మూడు ఓట్లు ఎక్కణ్నుంచి వచ్చాయో ఊహించడం కష్టం కాదు.

ఆమె పద్ధతి మొత్తం రొట్టె ఇచ్చేటప్పుడు గురువు పలికే మాటల్లో కనిపిస్తుంది. 1549 పుస్తకంలో ‘నీ కోసం అర్పించబడిన మన ప్రభువైన యేసుక్రీస్తు శరీరము నీ దేహమును ఆత్మను నిత్యజీవము వరకు కాపాడును గాక’ అని ఉండేది. రొట్టెలో క్రీస్తు ఉన్నాడని నమ్మేవాడికి అభ్యంతరం లేదు. 1552 పుస్తకం దాన్ని తీసేసి ‘క్రీస్తు నీ కోసం మరణించాడని జ్ఞాపకం చేసుకుంటూ దీన్ని తీసుకుని తిను’ అంది. ఇది జ్ఞాపకార్థమే అనేవాళ్ల మాట. 1559లో ఈ రెండు వాక్యాలనూ ఒకదాని వెంట ఒకటి పెట్టేశారు. మోకరిల్లడమంటే రొట్టెను ఆరాధించడం కాదని 1552లో చేర్చిన గమనికను తీసేశారు. పీఠం ముందు పక్కపక్కన మోకరిల్లిన ఇద్దరు రెండు వేర్వేరు నమ్మకాలతో ఇళ్లకు వెళ్లొచ్చు. ఆదివారం చర్చికి రాకపోతే 12 పెన్నీల జరిమానా. రావడం చాలు, ఏం నమ్ముతున్నావని అడగరు.

ఈ ఏర్పాటును చెడగొట్టింది రోమే. 1570లో అయిదో పయస్ పోపు ఎలిజబెత్‌ను వెలివేసి, ప్రజలు ఆమెకు లోబడనక్కర్లేదని ప్రకటించాడు. అప్పటిదాకా ఆదివారం చర్చికొచ్చి, ఇంట్లో జపమాల తిప్పుకునే కేథలిక్కు రాత్రికి రాత్రి అనుమానితుడయ్యాడు. 1580లో పదమూడో గ్రెగరీ పోపు, పరిస్థితులు ఇలా ఉన్నంతకాలం కేథలిక్కులు రాణికి లోబడొచ్చని వివరణ ఇచ్చాడు. పరిస్థితి మారితే లోబడరన్నమాట అని లండన్ దాన్ని చదువుకుంది. 1581లో చర్చికి రానివారి జరిమానాను నెలకు 20 పౌండ్లకు పెంచారు. కలిగిన కుటుంబాలు సైతం దివాలా తీసే మొత్తం అది. పట్టుబడ్డ గురువులను అడిగే ప్రశ్నా మారింది. పూజలో రొట్టె ఏమవుతుందని ఎవరూ అడగలేదు. పోపు పంపిన సైన్యం ఈ తీరంలో దిగితే నువ్వు ఎవరి పక్షాన నిలబడతావని అడిగారు. కేథలిక్ సన్యాసుల సంఘమైన జెసూట్‌కు చెందిన గురువు ఎడ్మండ్ కాంపియన్‌ను ఆ ఏడాది డిసెంబరు 1న లండన్ దగ్గరి టైబర్న్ వధ్యస్థలంలో చంపారు. అతని మీద మోపింది మతద్రోహం కాదు. ఇంగ్లండంతా కేథలిక్కుగా ఉన్న రోజుల్లో, 1351లో చేసిన రాజద్రోహ చట్టం.